‘పొర’ అంటే ఏది? మూడు పొరల క్లెయిమ్‌లో ఐదు పొరల ఫిల్మ్ ఇరుక్కుంటుందా

మీరు అడిగిందాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. మీ ప్యాకేజింగ్ ఫిల్మ్‌లో ఐదు పొరలు ఉన్నాయి. పాలిథిలిన్, దాన్ని పక్కదానికి అంటించే టై లేయర్, మధ్యలో ఆక్సిజన్‌ని ఆపే ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్, మళ్లీ టై లేయర్, మళ్లీ పాలిథిలిన్. అవతలి కంపెనీ అమెరికా పేటెంట్ క్లెయిమ్‌లో, అంటే తమ హక్కు ఎంతవరకో వాళ్లు రాసుకున్న వాక్యంలో, ‘బయటి పొర, లోపలి పొర, ఆ రెండింటినీ ఆనుకుని మధ్యలో ఒక బ్యారియర్ పొర కలిగిన ఫిల్మ్’ అని ఉంది. వాళ్లు నోటీసు పంపారు. మీ ప్రొడక్షన్ వాళ్లేమో ‘వాళ్లది మూడు పొరలు, మనది ఐదు, ఇంక టెన్షన్ ఎందుకు’ అంటున్నారు. వాళ్ల మాట నమ్మొచ్చా అని మీ ప్రశ్న.

నమ్మకండి. అలాగని అవతలివాళ్లు గెలిచేసినట్టూ కాదు. పాతికేళ్లుగా ఫిల్ములు, పూతలు, లామినేట్ల పేటెంట్లతో కుస్తీ పడుతున్నవాడిగా చెప్తున్నా, ఈ గొడవ మెషిన్ దగ్గర తేలేది కాదు. ‘పొర’, ‘ఆనుకుని’, ‘కలిగిన’ అనే మూడు మాటల దగ్గర తేలుతుంది.

‘కలిగిన’ సంగతి త్వరగా అయిపోతుంది. ఇంగ్లిష్ క్లెయిమ్‌లో అక్కడ ‘కంప్రైజింగ్’ అని ఉండి ఉంటుంది. పేటెంట్ భాషలో అది తెరిచి ఉంచిన తలుపు. చెప్పిన మూడూ ఉండి, పైన ఇంకో పది ఉన్నా క్లెయిమ్ కిందికే వస్తుంది. కాబట్టి ‘మాది ఐదు’ అనేది జవాబు కాదు, ఐదులో మూడు ఉన్నాయిగా! అదే చోట ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని ఉంటే కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీకు అసలు ఆధారం ‘ఆనుకుని’ అనే మాట. మీ ఫిల్మ్‌లో ఈవీఓహెచ్‌కీ పాలిథిలిన్‌కీ మధ్య టై లేయర్ ఉంది. ఈవీఓహెచ్‌ది పోలార్ స్వభావం, పాలిథిలిన్ అలా కాదు, రెండూ నేరుగా అంటుకోవు. అందుకే మేలిక్ ఎన్‌హైడ్రైడ్ తగిలించిన పాలిథిలిన్‌ని పలుచగా మధ్యలో వేస్తారు. ఆ టై లేయర్ ఒక ‘పొర’ అయితే, ఈవీఓహెచ్ ఆనుకున్నది టై లేయర్‌నే కానీ పాలిథిలిన్‌ని కాదు, అప్పుడు మీరు బయటపడొచ్చు. అది పొర కాదు, ఉత్త జిగురు అంటే మాత్రం మీ ఐదు పొరల ఫిల్మ్ కోర్టు కళ్లకి మూడు పొరల ఫిల్మే.

ఇక్కడే ఒక జాగ్రత్త. మీరు తెలుగులో ‘ఆనుకుని’ అని రాశారు. తెలుగులో ఆనుకోవడం అంటే తాకడమే, గోడని ఆనుకుని కూర్చున్నాడంటే మధ్యలో ఖాళీ ఉండదు. కానీ క్లెయిమ్‌లో ఉన్న ఇంగ్లిష్ మాట ఏది? ‘అడ్జసెంట్’ అయితే తాకి తీరాలని లేదు. 2005లో ఫ్రీ మోషన్ ఫిట్‌నెస్ వర్సెస్ సైబెక్స్ కేసులో, ఒక వ్యాయామ యంత్రం గురించి, ఆ మాటకి ‘దూరంగా లేని’ అనే అర్థం తీసుకున్నారు. ‘కాంటాక్టింగ్’, ‘డైరెక్ట్‌లీ ఆన్’ లాంటివి ఉంటే మీకు చాలా మేలు. సెమీకండక్టర్ పేటెంట్లు చదివినవాళ్లకి ఈ తంతు తెలుసు. ‘ఒక పొర మరో పొర మీద ఉంది అన్నప్పుడు మధ్యలో వేరే పొరలు ఉండొచ్చు, నేరుగా మీద ఉంది అంటే ఉండకూడదు’ అని స్పెసిఫికేషన్‌లో, అంటే పేటెంట్‌లోని వివరణ భాగంలో, ముందే ఒక పేరా పెట్టేస్తారు. ప్లాస్టిక్ ఫిల్ముల పేటెంట్లలో ఆ అలవాటు తక్కువ. మీ పేటెంట్‌లో అలాంటి పేరా ఉందేమో ఇవాళే వెతకండి.

సరే, ఈ అర్థాలు తేల్చేది ఎవరు? 1996లో మార్క్‌మన్ వర్సెస్ వెస్ట్‌వ్యూ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్లెయిమ్‌లోని మాటకి అర్థం చెప్పే పని జడ్జిదేనని, జ్యూరీది కాదని తేల్చింది. అక్కడ పోట్లాటంతా ‘ఇన్వెంటరీ’ అనే మాట మీద. డ్రైక్లీనింగ్ షాపుల్లో బట్టల జాడ తెలుసుకునే సిస్టమ్ అది. ఇన్వెంటరీలో బట్టలు ఉండి తీరాలా, లేక రసీదుల లెక్క ఉంటే సరిపోతుందా? జ్యూరీ ఇన్‌ఫ్రింజ్‌మెంట్, అంటే పేటెంట్ ఉల్లంఘన, జరిగిందనే చెప్పింది. బట్టలు ఉండాల్సిందేనని జడ్జి మాటకి అర్థం చెప్పడంతో ఆ తీర్పు ఎగిరిపోయింది. అందుకే ఇలాంటి కేసుల్లో మాటల అర్థాల మీద జరిగే విచారణ అయిపోయాక చాలామంది రాజీకి వచ్చేస్తారు. మిగిలింది తతంగమే.

మరి జడ్జి అర్థం ఎక్కడ వెతుకుతారు? చాలామంది డిక్షనరీ అనుకుంటారు. 2002 తర్వాత కొంతకాలం నిజంగానే డిక్షనరీలకి పెద్దపీట వేశారు. 2005లో ఫిలిప్స్ వర్సెస్ ఏడబ్ల్యూహెచ్ కేసులో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు జడ్జీలంతా కలిసి కూర్చుని ఆ వరసని సరిచేశారు. ముందు క్లెయిమ్, తర్వాత స్పెసిఫికేషన్, పేటెంట్ ఆఫీసుతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు. డిక్షనరీలు, నిపుణుల మాటలు వీటి వెనకే. ఆ కేసు స్టీలు గోడ పలకల గురించి, లోపల ‘బాఫిల్స్’ అనే అడ్డు రేకులు ఉంటాయి. తూటాలని పక్కకి మళ్లించడం వాటి ప్రయోజనాల్లో ఒకటని పేటెంట్‌లో ఉంది. గోడకి 90 డిగ్రీల్లో నిలబడ్డ రేకు బాఫిల్ కాదని కింది కోర్టు అంది. పైకోర్టు ఒప్పుకోలేదు. పేటెంట్ చెప్పిన ప్రతి ప్రయోజనాన్నీ ప్రతి క్లెయిమూ తీర్చక్కర్లేదంది. ఇది మీకు రెండు రకాలుగానూ పనికొస్తుంది, లేదా రెండు రకాలుగానూ తగులుతుంది.

మీ సమస్యకి దగ్గరి చుట్టం లాంటి కేసు ఇంకోటి ఉంది. 2001 నాటి ఏఎఫ్‌జీ వర్సెస్ కార్డినల్. కిటికీ అద్దాల మీద వేసే లో-ఇ పూతల గురించి. వేడిని వెనక్కి కొట్టడానికి వెండి, దానికి అటూ ఇటూ జింక్ ఆక్సైడ్ లాంటివి, మొత్తం ఐదు పొరల పూత. ఈ రంగంలో వెండి పాడవకుండా మధ్యమధ్యలో ఇంకా పలుచటి పదార్థాలు వేయడం మామూలే. వాటినీ పొరలుగా లెక్కపెడితే ఐదు దాటిపోతుంది, వదిలేస్తే ఐదే. మీ టై లేయర్ సమస్యే ఇది, ప్లాస్టిక్ బదులు అద్దం మీద.

కోర్టు డిక్షనరీ తీయలేదు. పేటెంట్ ఏం చెప్పిందో చూసింది. ఆ పేటెంట్ ‘లేయర్’ అనీ ‘ఇంటర్‌లేయర్’ అనీ రెండు మాటలు వేరువేరుగా వాడింది. దాంతో ‘పొర’ అంటే దాదాపు ఒకే రసాయన కూర్పు ఉన్న పదార్థపు మందం, కానీ పూత ఆప్టికల్ గుణాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపనంత పలుచగా ఉన్న ఇంటర్‌లేయర్లు అందులోకి రావు అని అర్థం చెప్పారు. కొలబద్ద ఏమిటో గమనించండి. ఎన్ని నానోమీటర్లు అని కాదు. మైక్రోస్కోపులో కనిపిస్తుందా అని కాదు. ఆ పేటెంట్ ఏ పని కోసం పుట్టిందో, ఆ పనిలో ఈ పదార్థానికి పాత్ర ఉందా అని.

ఇది మీ ఫిల్మ్‌కి పెట్టి చూడండి. అవతలి పేటెంట్ మొత్తం ఆక్సిజన్‌ని ఆపడం గురించే అయితే, టై లేయర్ ఆ పనిలో ఇంచుమించు సున్నా. ఆపేది ఈవీఓహెచ్, దాన్ని తేమ నుంచి కాపాడేది పాలిథిలిన్. అప్పుడు టై లేయర్‌ని పక్కన పెట్టేయమని వాళ్లు గట్టిగానే వాదించగలరు. అదే పేటెంట్ పొరలు విడిపోవడం అనే సమస్య గురించి అయితే, అంటించే పదార్థం ఆ కథలో హీరో. దాన్ని పొర కాదనడం వాళ్లకి కష్టం. కాబట్టి నేనైతే క్లెయిమ్‌ కన్నా ముందు స్పెసిఫికేషన్ మొదటి రెండు పేజీలు చదువుతాను. పాత ఫిల్ములతో ఇబ్బంది ఏమిటని వాళ్లు రాసుకున్నారో అక్కడ ఉంటుంది.

‘ల్యాబ్‌లో కోసి చూస్తే తెలిసిపోతుందిగా’ అని మీ వాళ్లు అనొచ్చు. అదీ చూశాను. ఒక కేసులో ఫిల్మ్ ముక్కని ఎపాక్సీలో పాతిపెట్టి, మైక్రోటోమ్‌తో పలుచగా కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఈవీఓహెచ్ గీత స్పష్టంగా ఉంది. టై లేయర్ దాని పక్కన మసగ్గా ఉంది. బయట పాలిథిలిన్ మాత్రం ఒకటే పట్టీలా కనిపించింది, కానీ ఫ్యాక్టరీ రికార్డుల ప్రకారం అది రెండు ఎక్స్‌ట్రూడర్ల నుంచి వచ్చి డై దగ్గర కలిసిన ఒకే రెజిన్, అంటే ఒకే ప్లాస్టిక్ ముడిసరుకు. రెండు దారుల్లో వచ్చిన ఒకే పదార్థం కరిగి ఉండగా కలిస్తే మధ్యలో సరిహద్దు మిగలదు. మరి అది ఒక పొరా, రెండా? మా నిపుణుడు తయారీ చూసి రెండన్నాడు. అవతలి నిపుణుడు ఫోటో చూసి ఒకటన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మైక్రోస్కోప్‌కి ‘పొర’ అనే మాట తెలియదు, అది చూపించేది తేడాలు మాత్రమే. ఏ తేడాని పొర అనాలో పేటెంట్ చెప్పాలి. ఆ పేటెంట్‌లో ‘విడివిడిగా గుర్తించగల పొరలు’ అని ఒక చోట ఉంది, ఆ విశేషణంతోనే లెక్క తేలింది.

నా తప్పు కూడా చెప్పేస్తాను. మొదట్లో ఒక క్లయింటుకి ‘మీది పూత, వాళ్ల క్లెయిమ్‌లో ఉన్నది పొర, ఫర్వాలేదు’ అని ధైర్యం చెప్పాను. స్పెసిఫికేషన్ మధ్యలో, ఉదాహరణలకి ముందు, ‘ఇక్కడ పొర అంటే పూత, ప్రైమర్ కూడా కలుపుకొని’ అనే ఒక్క వాక్యం ఉంది. నేను చూడలేదు. పేటెంట్ రాసినవాడు తన మాటకి తానే అర్థం చెప్పుకుంటే ఆ అర్థమే చెల్లుతుంది, లోకం ఏమనుకున్నా సరే. 2012లో థోర్నర్ వర్సెస్ సోనీ కేసులో ఇది సూటిగా చెప్పారు. మాట మామూలు అర్థం నుంచి తప్పుకోవడానికి దారులు రెండే. రాసినవాడు సొంత నిర్వచనం ఇవ్వడం, లేదా ఫలానాది మాది కాదని స్పష్టంగా వదిలేసుకోవడం. ఆ ఒక్క వాక్యం వల్ల నేను రాత్రి తొమ్మిదింటికి క్లయింటుకి ఫోన్ చేసి మాట మార్చుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ‘అంటే’, ‘ఇక్కడ వాడిన’ లాంటి మాటల కోసం డాక్యుమెంట్ మొత్తం సెర్చ్ చేయకుండా నోరు విప్పను.

ఇప్పుడు ‘కన్సిస్టింగ్ ఆఫ్’ సంగతి. ఇది మూసిన తలుపు, చెప్పినవి తప్ప ఇంకేమీ రాకూడదు. 2016లో మల్టీలేయర్ స్ట్రెచ్ క్లింగ్ ఫిల్మ్ వర్సెస్ బెర్రీ ప్లాస్టిక్స్ కేసు మీలాంటివాళ్లు తప్పక చదవాల్సింది. సరుకులు చుట్టే ఏడు పొరల ఫిల్మ్. లోపలి ఐదు పొరల్లో ప్రతిదీ నాలుగు రకాల పాలిథిలిన్లు ఉన్న ఒక జాబితా నుంచి ‘కన్సిస్టింగ్ ఆఫ్’ పద్ధతిలో ఎంచుకోవాలి. జాబితాలో లేని రెజిన్ ఏ లోపలి పొరలోకీ రాకూడదని కోర్టు అంది. కానీ జాబితాలో ఉన్నవాటినే రెండు మూడు కలిపి వాడితే తప్పులేదంది, ఎందుకంటే ఆ పేటెంటే మరోచోట బ్లెండ్ల గురించి మాట్లాడింది. తమాషా ఏమిటంటే, అదే పేటెంట్‌లోని పదో క్లెయిమ్, లోపలి పొరలో జాబితాలో లేని ఎల్‌డీపీఈ అనే పాలిథిలిన్ ఉండొచ్చని రాసుకుని చెల్లకుండా పోయింది. సొంత జాబితాని సొంత క్లెయిమే దాటింది మరి.

మూసిన తలుపుకీ సందు ఉంటుందని మర్చిపోకండి. ఎముకలకి వాడే రసాయనాల కిట్ గురించిన నోరియన్ వర్సెస్ స్ట్రైకర్ కేసులో, 2004లో, కిట్‌లో అదనంగా ఒక గరిటె పెట్టి ‘మాది వేరు’ అన్నారు. ఆవిష్కరణతో సంబంధం లేని గరిటె వల్ల తప్పించుకోలేరని కోర్టు చెప్పింది. మీ టై లేయర్ గరిటె లాంటిది కాదని చూపించగలగాలి.

మాటలు ఎంత చిన్నవైనా లెక్కే. 2004లోనే షెఫ్ అమెరికా వర్సెస్ లాంబ్ వెస్టన్ కేసులో, పిండి పూత వేసిన ముద్దని 400 నుంచి 850 ఫారన్‌హీట్ డిగ్రీల ‘వద్ద’ కాల్చాలని రాయబోయి ఆ ఉష్ణోగ్రత ‘కి’ వేడి చేయాలని రాశారు. ముద్దే ఆ వేడికి చేరితే బొగ్గవుతుంది. అయినా కోర్టు రాసింది రాసినట్టే తీసుకుంది, దిద్దిపెట్టడం మా పని కాదంది. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వూ భయమూ రెండూ వస్తాయి.

మీ క్లెయిమ్‌లో మందాలు, బలాల అంకెలు ఏమైనా ఉంటే కొలిచే పద్ధతి రాశారో లేదో చూడండి. డౌ వర్సెస్ నోవా కేసులో పాలిథిలిన్‌కి సంబంధించిన ఒక గ్రాఫు వాలుని కొలవడానికి ఒకటికి మించి పద్ధతులు ఉన్నాయి, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు, ఏది వాడాలో పేటెంట్ చెప్పలేదు. 2015లో ఆ క్లెయిములు అస్పష్టమని తేలిపోయాయి. పొర మందం కూడా అంతే. సగటా, అతి పలుచటి చోటా, అంచు దగ్గరా అనేది రాయకపోతే అది మీకు ఆయుధం.

ఇక మీ చేతిలో ఉన్న అసలైన ఎత్తు. మాటకి ఇన్‌ఫ్రింజ్‌మెంట్ చూసేటప్పుడు ఒక అర్థం, పేటెంట్ చెల్లుబాటు చూసేటప్పుడు ఇంకో అర్థం ఉండదు. క్లెయిమ్ అనేది ఎటు కావాలంటే అటు వంచే మైనపు ముక్కు కాదని 1886లోనే అమెరికా సుప్రీంకోర్టు అంది. కాబట్టి వాళ్లని ఒకటే అడగండి, టై లేయర్ పొరా, కాదా? పొర అంటే మీ ఈవీఓహెచ్ పాలిథిలిన్‌ని తాకదు. కాదు అంటే, వాళ్ల ఫైలింగ్ తేదీకి ముందు వచ్చిన టై లేయర్ ఉన్న ఐదు పొరల ఫిల్ములన్నీ వాళ్ల క్లెయిమ్‌లోకి వచ్చి ప్రయర్ ఆర్ట్, అంటే ముందే ఉన్న సంగతి, అయి పేటెంట్ చెల్లుబాటుకే ఎసరు పెడతాయి. అవి కొల్లలు. అప్పుడు వాళ్ల పరిస్థితి మింగలేక కక్కలేక. పేటెంట్ చెల్లదంటూ 2018 నవంబర్ 13 నుంచి వేసిన పిటిషన్లలో పేటెంట్ ఆఫీసు బోర్డు కూడా కోర్టు వాడే ఫిలిప్స్ పద్ధతినే వాడుతోంది. వాళ్లు అక్కడొక మాట, ఇక్కడొక మాట అనడం ఇదివరకటి అంత సులువు కాదు. పైన చెప్పినట్టు క్లెయిమ్‌లో ‘అడ్జసెంట్’ ఉంటే మొదటి వాదన బలహీనపడుతుంది, రెండోది ఇంకా పదునెక్కుతుంది.

ఈ ఎత్తు వేయాలంటే ఒక పని చేయాలి. ఆ పేటెంట్ ప్రాసిక్యూషన్ ఫైలు, అంటే పేటెంట్ ఆఫీసుతో నడిచిన ఉత్తరాల ఫైలు, దించుకోండి. అమెరికా పేటెంట్ ఆఫీసు పేటెంట్ సెంటర్‌లో ఉచితమే. ‘ఆనుకుని’ అనే మాట మొదట వేసిన క్లెయిమ్‌లోనే ఉందా, లేక ఎగ్జామినర్ తిరస్కరించాక చేర్చారా? చేర్చి ఉంటే, ఆ రోజు పంపిన జవాబు పదిసార్లు చదవండి. ‘పాత ఫిల్ములో మధ్యలో అంటించే పొర ఉంది, మాదాంట్లో లేదు’ అని వాళ్లే రాసి ఉంటే మీరు ఇంటికెళ్లి నిద్రపోవచ్చు. ఇచ్చేసిన దాన్ని తర్వాత సమానమైనదే అనే వాదనతో వెనక్కి లాక్కోవడం చాలా కష్టమని 2002లో ఫెస్టో కేసు చెప్పింది. నా అనుభవంలో మంచి వాదనలు ఎక్కువ దొరికింది స్పెసిఫికేషన్‌లో కాదు, చిరాకులో ఉన్న లాయరు ఎగ్జామినర్‌కి రాసిన జవాబుల్లో.

మీరు యూరప్‌కి కూడా పంపుతున్నారని రాశారు. అక్కడ క్లెయిమ్ దానంతటదే స్పష్టంగా ఉంటే డిస్క్రిప్షన్ చూడాలా వద్దా అని చాలాకాలం పేచీ ఉండేది. 2025 జూన్ 18న యూరోపియన్ పేటెంట్ ఆఫీసు పెద్ద బోర్డు, జీ 1/24 నిర్ణయంలో, ఎప్పుడూ చూడాల్సిందే అని తేల్చింది. అదీ ఒక షీట్ గొడవే. పొగాకు ఉత్పత్తిలో ‘గ్యాదర్డ్ షీట్’ అంటే ఏమిటని. బ్రిటన్‌లో తలుపుల పైన పెట్టే స్టీలు లింటెల్ కేసు, క్యాట్నిక్, పాతదే అయినా చదవండి. ‘నిలువుగా’ అంటే ఆరో ఎనిమిదో డిగ్రీలు వాలినా నిలువే అన్నారు.

చివరగా ఒక చిన్న సంగతి, కానీ దీని వల్లే చాలామంది దెబ్బతిన్నారు. మీ కంపెనీ టెక్నికల్ డేటా షీట్లు, బ్రోషర్లు, వెబ్‌సైట్ ఒకసారి చూడండి. మార్కెటింగ్ వాళ్లు ఎక్కడైనా ‘మూడు పొరల బ్యారియర్ ఫిల్మ్’ అని రాశారా? రాసి ఉంటే అది అవతలి లాయర్ మొదటి ఎగ్జిబిట్. ఇప్పుడు హడావిడిగా చెరిపేయకండి, నోటీసు వచ్చాక చెరిపితే అదొక కొత్త తలనొప్పి. లాయర్‌కి చెప్పండి. ‘మనం ఇన్‌ఫ్రింజ్ చేస్తున్నామేమో’ అని ఆఫీసులో ఒకరికొకరు ఈమెయిళ్లు రాసుకోవడం కూడా ఇవాళ్టి నుంచి ఆపండి.

క్లెయిమ్ ఒకటి ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు, స్పెసిఫికేషన్‌లో ‘టై’, ‘అడ్హెసివ్’ అనే మాటలు వచ్చిన పేరాలు, పేటెంట్ ఫైలింగ్ తేదీ, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. నోటీసు కాపీ మాత్రం పెట్టకండి, మీ కంపెనీ పేరూ వద్దు.